చైను మీద గీతలు

తమ్ముడూ,

నిన్నటితో నీ సంవత్సరీకాలు అయిపోయాయి. చుట్టాలు వెళ్లాక అమ్మ నీ వాచీ నా చేతిలో పెట్టి, "ఈ చైను మీద గీతలు చూడలేకపోతున్నానే, తీయించు" అంది.

ఎంత మురిసిపోయి కొనుక్కున్నావురా దాన్ని! వారం తిరక్కుండానే ఆఫీసు టేబులుకి రాసుకుని లాకు మీద సన్నటి గీత పడింది. ఆ రోజు నువ్వు అన్నం కూడా సరిగా తినలేదు. తర్వాత మణికట్టు కింద కర్చీఫు పరుచుకుని టైపు చేసేవాడివట. పరామర్శకి వచ్చినప్పుడు మీ ఆఫీసువాళ్లు ఆ సంగతి చెబుతూ నవ్వబోయి ఆగిపోయారు.

ఇవాళ వాచీని ప్యాట్నీ సెంటర్ దగ్గర షాపుకి తీసుకెళ్లాను. "ఈ సన్న గీతలు మా తమ్ముడివి, వీటిని ఉంచండి. లోతుగా ఉన్నవి మాత్రం తీసెయ్యండి" అన్నాను.

"గివెట్ల పడ్డయక్కా?"

"వాడు బండి మీంచి పడ్డప్పుడు రోడ్డుకి రాసుకుంది."

షాపతను చైనుని లైటు కింద తిప్పి చూశాడు. "పాలిష్ పడితే లోతువి పోకముందే సన్నవి పోతయక్కా" అన్నాడు.

చైను నా చేతికి సరిపోయేలా లింకులు మాత్రం తీయించాను. "అవి పోవటమ్మా" అని అమ్మకి అబద్ధం చెప్పాను.

సాయంత్రం అంట్లు తోముతుంటే ఇత్తడి గిన్నెకి తగిలి ఇంకో గీత పడింది. నువ్వు చూస్తే చంపేస్తావని గబుక్కున చెయ్యి కొంగు కింద దాచుకున్నాను. చాలాసేపు బయటికి తీయలేదు.

అక్క