నొప్పికి పది మార్కులు

10-2-2023

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి గెలికినట్టుంది.

11-2-2023. నొప్పి 7

ఈ నోట్‌బుక్ పెట్టమన్నది ఫిజియోథెరపీ మేడం, పేరు స్నిగ్ధ. రోజూ తారీఖు వేసి పక్కన నొప్పికి మార్కులు వేయాలట. సున్నా అంటే ఏమీ లేదు. పది అంటే బతుకు మొత్తంలో అంతకు మించినది లేదు. మిగతా జాగాలో ఏమన్న రాసుకో అంది. రాయడానికి చెయ్యేదీ?

13-2-2023. నొప్పి 7

దెబ్బ తగిలిన రోజు కూడా లెక్కలో ఉండాలట. మొదటి పేజీ పైన 29-1 అని వేశాను. ఎదురుగా అంకె వేయలేదు. తొమ్మిది అనుకున్నాను, పదేమో అని కూడా అనుకున్నాను. పది వేసేశాక ఇంకా పెద్దది వస్తే ఏం వేస్తాం? ఖాళీగా వదిలేశాను. ఎవడు దిద్దుతాడు దీన్ని.

20-2-2023. నొప్పి 6

ఎడమ చెయ్యి కొంచెం మాట వింటోంది. జరిగింది రాసేస్తాను. వచ్చిన ప్రతివాడికీ మొదటి నుంచి చెప్పలేక చస్తున్నాను.

మక్తల్ దగ్గర ఒక ఊళ్ళో జాతర. కుస్తీలు పొద్దున కొబ్బరికాయ పందెంతో మొదలై సాయంత్రానికి వెండి కడియం దాకా వచ్చాయి. కడియం కుస్తీకి మైకులో ఫర్దీన్ పహిల్వాన్ మహబూబ్‌నగర్ అని నన్ను పిలిచారు. అవతల రాయచూరు నుంచి వచ్చిన ఒకడు. మూడో నిమిషంలో నన్ను ఎత్తి పడేశాడు. కుడి చెయ్యి చాచి ఆపుకోబోయాను. చిన్నప్పటి నుంచి అబ్బాజాన్ చెప్పేది ఒక్కటే, పడేటప్పుడు చెయ్యి చాచకని. చాచాను. భుజం గూడ జారింది.

అబ్బాజాన్ అంటే మా నాన్న, అబ్దుల్ హమీద్ పహిల్వాన్. మా తాలీం, కుస్తీ గోదా, ఆయనదే. సాయంత్రం కుస్తీ నేర్పుతాడు, పొద్దున జారిన చేతులూ కాళ్ళూ ఎక్కించి కట్టు కడతాడు. మా తాత కూడా ఇదే పని చేసేవాడు. గుంపును తోసుకుని బరిలోకి వచ్చాడు. నన్ను పడుకోబెట్టి, చంకలో మడమ ఆనించి, మణికట్టు పట్టి గుంజాడు. టక్కుమంది. జనం ఒకటే ఈలలు. రాయచూరువాడికి కడియం ఇచ్చారు, అబ్బాజాన్‌కు శాలువా కప్పారు. చప్పట్లు శాలువాకే ఎక్కువ. వట్టి చేతుల్తో వచ్చింది నేనొక్కణ్ణే, అందులో ఒకటి పని చేయదు.

ఒక సంగతి. టక్కుమన్నది ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోది చిన్నగా, లోపల. ఆ గోలలో నాకు తప్ప ఎవరికీ వినపడి ఉండదు.

24-2-2023. నొప్పి 6

ఇది ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తాను.

నొప్పి తగ్గకపోతే మూడో రోజు రఘుపతి డాక్టర్ దగ్గరికి పోయాను. ఆపరేషన్ చేసింది ఆయనే. ఎక్స్‌రే లైటు మీద పెట్టి, ఎవరు గుంజిర్రు అని అడిగాడు. దానంతటదే ఎక్కింది సార్ అన్నాను. ఆయన నమ్మలేదు. పడ్డప్పుడు జారింది గూడ ఒక్కటే, ఎముక ముక్క లేచింది గుంజినప్పుడు, ఫొటో తియ్యకుంట గుంజితే గిట్లనే అయితది, నరం సుత సాగింది అన్నాడు. ఉత్త జారుడే అయితే నాలుగు నెలల్లో బరిలోకి దిగేవాణ్ణట. ఇప్పుడు రెండు స్క్రూలు, ఎనిమిది నెలలు. జూన్‌లో స్టేట్ సెలెక్షన్లు. నాలుగేళ్ళుగా వాటి కోసమే తిన్నాను, వాటి కోసమే లేచాను.

ఇంట్లో మాత్రం పడ్డప్పుడే విరిగిందని చెప్పాను. అబ్బాజాన్‌కు ఆ చేతుల్లో తప్ప ఇంకెక్కడా పేరు లేదు. అది నేను తీయలేను.

ఈ నోట్‌బుక్ మంచం మీద పడేసినా ఫికర్ లేదు. ఆయనకు చదవడం ఉర్దూ ఒక్కటే వచ్చు. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ అక్షరం రాదు. అంకెలు వస్తాయి, బస్సు నంబరుకూ ఫోను నంబరుకూ.

27-2-2023. నొప్పి 6

మా అక్క అతియా ఆపా అన్నం వండి వార్చేలోపు నేను చొక్కా బొత్తాలు మూడు పెట్టుకున్నాను. రికార్డు.

3-3-2023. నొప్పి 5

భుజం పక్కన అరచేయంత జాగా మొద్దుబారిపోయింది. మేడం సూది మొనతో గుచ్చింది. ఎవరినో గుచ్చినట్టే ఉంది. నరం మెల్లగా వస్తది, తొందర పెడితే రాదు అంది. నేనెవరినీ తొందర పెట్టలేదు.

9-3-2023. నొప్పి 5

నేను పనిచేసే సెల్ షాపు ఓనర్ వెంకటేశన్న చూడడానికి వచ్చాడు. అరటిపండ్లు తెచ్చాడు, వీడియో చూపించాడు. జాతరలో ఎవడో తీశాడు. నలభై రెండు సెకన్లు. నేను పడడం అందులో లేదు, అబ్బాజాన్ గుంజడం ఒక్కటే ఉంది. వెనక పాట కూడా పెట్టారు. పాలమూరు గ్రూపులల్ల మొత్తం గిదే తిరుగుతాందిరా, మీ నాయిన ఫేమస్ అయిండు అన్నాడు. సౌండ్ పెంచమన్నాను. పాట తప్ప ఏమీ వినపడలేదు.

16-3-2023. నొప్పి 5

పొద్దున జనం రెట్టింపయ్యారు. జడ్చర్ల నుంచి, నారాయణపేట నుంచి, ఎక్కడెక్కడి నుంచో. వీడియోలో ఉన్న పెద్దమనిషే కావాలంటున్నారు. అబ్బాజాన్ నన్ను బయటికి పిలిచి అందరికీ చూపించాడు, గీ పోరనిది నేనే ఎక్కించిన, నా కొడుకే అని. నేను నవ్వాలి. నవ్వాను. మరి గా చేతికి జోలె ఎందుకు ఏసిండ్రు అని ఒక ముసలాయన అడిగాడు. ఆ గుంపులో తెలివి ఆయనొక్కడికే ఉంది. ఆయన కూడా మోకాలు చూపించుకునే పోయాడు.

21-3-2023. నొప్పి 4

ఈ వారం నాలుగు గూడలు ఎక్కించాడు. లోపల కూర్చుని వింటున్నాను. ప్రతిసారీ రెండో చప్పుడు వస్తుందేమోనని నా పళ్ళు బిగుస్తున్నాయి. రాలేదు. ఒక్క మాట చెబితే ఇదంతా ఆగుతుంది. చెప్పలేదు.

22-4-2023. నొప్పి 3

ఈద్. జోలె తీసేశారు కాబట్టి అందరికీ నేను బాగైపోయినట్టే లెక్క. మసీదు దగ్గర వచ్చి కావలించుకోవడమే. ఎడమ పక్క నుంచి రండి బాబూ అని బతిమాలుకోవాల్సి వచ్చింది. అబ్బాజాన్ మాత్రం చెప్పకుండానే ఎడమ పక్క నుంచి వచ్చాడు. చాలాసేపు వదల్లేదు.

7-5-2023. నొప్పి 3

కుడి చేత్తో రాస్తున్నాను. అక్షరాలు మనుషులవిలా ఉన్నాయి.

మేడం ఇంట్లో చేయమని కొత్త కసరత్తు ఇచ్చింది. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకాలి. ఎక్కడిదాకా పోతే అక్కడ గీత. గీత గీసే డ్యూటీ అబ్బాజాన్ తీసుకున్నాడు. పెన్సిల్ చెవి మీద పెట్టుకుని వడ్రంగిలాగా నిలబడతాడు. నా పక్కన గోడ మీద గీతలు, గీత పక్కన తారీఖు. నిన్నటి కన్నా వేలెడు పైకి పోతే అమ్మీని పిలిచి చూపిస్తాడు. నా చెయ్యి ముట్టుకోవడం మాత్రం లేదు. ఊరందరి చేతులూ పట్టుకుంటాడు గానీ.

2-6-2023. నొప్పి 2

నోట్‌బుక్‌లో గా అంకెలు ఏందని అబ్బాజాన్ ఆపాను అడిగాడట. నొప్పికి మార్కులు, సున్నా నుంచి పది దాకా అని చెప్పిందట. పది ఎప్పుడన్నా వేశాడా అని అడిగాడట. లేదని చెప్పిందట. అంతేనట. మిగతాది నువ్వు చదవలేదు కదా అన్నాను. నీ సోది చదివే టైం నాకెక్కడిది అంది.

11-6-2023. నొప్పి 2

సెలెక్షన్లు అయిపోయాయి. నా వెయిట్‌లో నల్గొండవాడు సెలెక్టయ్యాడు. పోయినేడు వాణ్ణి రెండుసార్లు చిత్తు చేశాను.

18-6-2023. నొప్పి 4

ఆదివారం, వాకిలి నిండా జనం. దేవరకద్ర నుంచి పరశురాములు అనే ఆయన కూతుర్ని తీసుకొచ్చాడు. పేరు కౌసల్య, డిగ్రీ చదువుతోంది, కబడ్డీ ఆడుతుంది. పట్టుకున్న పిల్ల కాలు వదల్లేదట, ఇద్దరు మీద పడ్డారట. కుడి గూడ జారింది. ఆ చెయ్యిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చుంది. జాతరలో నేను కూడా అట్లాగే పట్టుకున్నాను.

అబ్బాజాన్ చాప వేయించాడు. ఫికర్ చెయ్యకు బిడ్డా, కండ్లు మూసి తెరిచేలోపు అయిపోతది అన్నాడు. మడమ చంకలో పెట్టాడు. మణికట్టు పట్టాడు.

ఎక్స్‌రే తీయించుకుని రమ్మను అన్నాను. ఆయనకు వినపడలేదేమో, మళ్ళీ అన్నాను, ఈసారి గట్టిగా. అందరూ నా వైపు తిరిగారు. అబ్బాజాన్ నవ్వాడు, నువ్వు ఎప్పుడు డాక్టరువైనవ్ రా, నీది ఏ ఫొటో చూసి ఎక్కించిన అన్నాడు. జనం కూడా నవ్వారు. నాకు మండింది. ఆ నవ్వు లేకపోతే అనేవాణ్ణి కాదేమో. ఉర్దూలో అంటే కొందరికైనా అర్థమయ్యేది కాదు. తెలుగులో అన్నాను. నువ్వు గుంజినప్పుడే నా ఎముక విరిగింది, పడ్డప్పుడు కాదు, డాక్టర్ అప్పుడే చెప్పాడు, నేనే దాచాను అన్నాను.

ఆయన మణికట్టు వదిలాడు. మడమ తీశాడు. కౌసల్య చేతిని చిన్న పిల్లను పడుకోబెట్టినట్టు ఆమె పొట్ట మీద పెట్టాడు. లేచి లోపలికి పోయాడు. పరశురాములు నన్ను చూసి, ఇప్పుడేం చెయ్యాలె మేము అని అడిగాడు. డాక్టర్ అడ్రస్ రాసిచ్చాను. అరగంటలో వాకిలి ఖాళీ.

రాస్తుంటే భుజం లాగుతోంది. అందుకే 4. లేక దేనికో తెలియదు.

19-6-2023. నొప్పి 3

పరశురాములు ఫోన్ చేశాడు. ఎక్స్‌రేలో ఏం లేదంట, ఉత్త జారుడేనంట. సూది ఇచ్చి పది నిమిషాల్లో ఎక్కించారట. పహిల్వాన్ చేతిలనైతే నిన్ననే అయిపోతుండె గదా, పొల్లకు రాత్రంత నొప్పి తప్పకపాయె అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ మాట సాయంత్రానికి గల్లీ మొత్తం తిరిగింది. అబ్బాజాన్‌కూ చేరింది. వచ్చి నన్ను రెండు మాటలు అంటాడని చూశాను. చూశావా అనొచ్చు, అందరి ముందు అన్నావు కదా అనొచ్చు. గోడ దగ్గరికే రాలేదు. గీత నేనే గీసుకున్నాను. సిగ్గుగా ఉంది. చెప్పింది నిజమే, అయినా సిగ్గుగా ఉంది.

22-6-2023. నొప్పి 2

మాట లేదు.

25-6-2023. నొప్పి 2

మాట లేదు. అమ్మీ ఇద్దరికీ వేరువేరుగా అన్నం పెడుతోంది, హోటల్ నడుపుతున్నట్టు.

29-6-2023. నొప్పి 2

బక్రీద్. కావలించుకున్నాడు. ఎడమ పక్క నుంచే. వెంటనే వదిలేశాడు.

9-7-2023. నొప్పి 2

పొద్దున బీరప్ప అనే గొర్లకాపరి వచ్చాడు, గూడ పట్టుకుని. అబ్బాజాన్ చూశాడు, వేళ్ళతో మెల్లగా తడిమాడు, ముందుగాల ఫొటో తీసుకరా అన్నాడు. బీరప్ప నమ్మలేదు. నిన్ను చూసే కదా నాయినా గింత దూరం వచ్చిన అన్నాడు. అబ్బాజాన్ మళ్ళీ అదే మాట అన్నాడు. బీరప్ప గొణుక్కుంటూ పోయాడు. వాకిట్లో ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళూ లేచి పోయారు. ఇప్పుడు మణికట్టు బెణికినవాళ్ళూ నడుం పట్టినవాళ్ళే మిగిలారు.

తర్వాత నేను గోడ దగ్గర ఉంటే వచ్చాడు. చెవి మీద పెన్సిల్. గీత గీశాడు. గీస్తూ, నా మొహం చూడకుండా, రెండు చప్పుళ్ళు వచ్చినయి, రెండోది నాక్కూడా వినొచ్చింది అన్నాడు.

నా వేళ్ళు గోడ మీదే ఆగిపోయాయి. ఆ రోజేనా అని అడిగాను. ఆ రోజే అన్నాడు. జనం ఈలలు వేస్తుంటే ఏం చెయ్యాలో తోచలేదు, శాలువా కప్పుతుంటే కప్పించుకున్న అన్నాడు. నువ్వు పడ్డప్పుడే విరిగిందని వచ్చి చెప్పినవ్ కదా, ఆ మాట నాకు మస్తు పనికొచ్చింది అన్నాడు.

ఐదు నెలలు. నేను ఆయన్ని కాపాడుతున్నాననుకుని ఐదు నెలలు పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. ఆయనకు మొదటి రోజే తెలుసు. తెలిసి కూడా జనాన్ని పిలిచి నన్ను చూపించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట మొహం మీదే అన్నాను. అవును అన్నాడు. పెన్సిల్ చెవి మీద పెట్టుకుని పోయాడు.

14-8-2023. నొప్పి 1

మొద్దుబారిన జాగాలో సూది గుచ్చితే ఉలిక్కిపడ్డాను. మేడం చప్పట్లు కొట్టింది. నొప్పి వచ్చినందుకు చప్పట్లు. మనుషులు.

20-9-2023. నొప్పి 1

తాలీంలోకి దిగాను. కుస్తీకి కాదు, మట్టి తవ్వడానికి. అబ్బాజాన్ మట్టిలో నూనె పోశాడు, నేను పార పట్టాను. పారను ఎడమ చేతికి మార్చుకోమన్నాడు. మార్చుకోలేదు. పదిసార్లు చెప్పాడు. మొండివాడు నాకు పుట్టిండు అని మట్టితో అన్నాడు, నాతో కాదు.

3-10-2023. నొప్పి 0

ఫిజియో ఆఖరి రోజు. మేడం నోట్‌బుక్ తీసుకుని అంకెలన్నీ చూసుకుంటూ మొదటి పేజీకి పోయింది. 29-1 ఎదురుగా పది వేసినవ్, మంచిదే, గానీ దీన్నొక్కదాన్నే పెన్సిల్‌తోటి ఎందుకు వేసినవ్ అని అడిగింది.

నేను వేయలేదు.