మామయ్య పట్టిన పంపు

చిరంజీవి కోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఊళ్లోవాళ్ల పంపులు బాగుచేయడానికి పోయావు, ఇక్కడ మన పంపు మొరాయించింది. శబ్దం వస్తోంది గానీ ట్యాంకులో చుక్క పడటం లేదు. మీ ఆయన కొత్తది కొనేద్దామన్నాడు. నాకు ఒళ్లు మండింది. పంపుల మెకానిక్కుకి మామగారినై ఉండి, కొట్టుకెళ్లి కొత్త పంపు ఇమ్మంటానా? నేనే బాగుచేస్తాను. ఎలాగో రాయి.

నీ మామయ్య

తా.క. మీ అత్తయ్య నవ్వుతోంది. ఎందుకో చెప్పదు.

---

మామయ్యగారికి నమస్కారాలు.

పైపులో గాలి చేరినట్టుంది. ముందు ఫ్యూజు పీకండి. పక్క సందులో రేకు కింద పంపు ఉంటుంది. దాని నెత్తిన చిన్న మూత విప్పి, నిండి పొంగేదాకా నీళ్లు పోయండి. ఇక్కడ అపార్టుమెంటు పని తెమల్లేదు, లేకపోతే నేనే వచ్చేదాన్ని.

మీ కోడలు

తా.క. నీళ్లు లోపల పోయాలి, పైన కాదు. మీరని కాదు, ఒకాయన మోటారుకి తలంటు పోశాడు.

---

చిరంజీవి కోడలికి,

ఎన్ని చెంబులు పోసినా తాగేస్తోంది తప్ప నిండదు. మీ ఆయన కిటికీలోంచి "కొనేద్దాం నాన్నా" అంటున్నాడు. వాడు మన పక్షం కాదు. పక్కింటాయన వచ్చి ఏదో అనబోయాడు. సందు ఎవరిదన్న తగాదా తర్వాత మాకు మాటల్లేవు కదా, మొహం తిప్పుకున్నాను. నా పనితనం చూసి కుళ్లుకుంటున్నాడు.

నీ మామయ్య

తా.క. తడిసింది నేనే, మోటారు కాదు.

---

మామయ్యగారికి,

అయితే లోపం అడుగున ఉంది. సంపులోకి దిగిన పైపు చివర ఫుట్‌వాల్వు ఉంటుంది. నీళ్లు వెనక్కి జారకుండా పట్టుకునేది అదే. అది అరిగిపోయి ఉంటుంది. పైపు పైకి లాగి, కొత్తది బిగించండి.

మీ కోడలు

తా.క. ఇది నాకు పట్టుబడటానికి చాలాకాలం పట్టింది. మీకు వెంటనే వచ్చేస్తే నాకు పని నేర్పిన మేస్త్రికి చెప్పకండి, నొచ్చుకుంటాడు.

---

చిరంజీవి కోడలికి మామయ్య ఆశీస్సులు, కాస్త గర్వంగా.

వాల్వు మార్చాను. ఈసారి నీళ్లు నిండి పొంగాయి. అందర్నీ పిలిచి స్విచ్చి వేశాను. మన కుళాయిలో చుక్క లేదు. మీ ఆయన కొత్త పంపు ధర కనుక్కొస్తానని చెప్పులేసుకున్నాడు.

ఇంతలో పక్కింట్లో కేకలు. పక్కింటాయన పరిగెత్తుకొచ్చి నన్ను కావలించుకున్నాడు. నేను బాగుచేసింది ఎప్పట్నుంచో ఆగిపోయి ఉన్న వాళ్ల పంపుట! రేకు కింద రెండున్నాయి. మనదాని మీద నువ్వు గోనెపట్టా కప్పి వెళ్లావు.

"ఆ రోజే చెప్పబోయానండీ, మీరు మొహం తిప్పుకున్నారు. తర్వాత చూస్తే శ్రద్ధగా చేస్తున్నారు, ఎందుకు ఆపడమని ఊరుకున్నా" అన్నాడు. ఫ్యూజు పీకాను గానీ అది మనింటిది. నేను పని చేస్తున్నంతసేపూ వాళ్ల ఫ్యూజు ఆయనే తీసి జేబులో పెట్టుకున్నాడట, పనయ్యాక మళ్లీ పెట్టి స్విచ్చి వేస్తే వాళ్లింట్లో నీళ్లొచ్చాయట. అలాంటి మనిషితో సందు కోసం పోట్లాడానా? ఆ తగాదా అక్కడితో సరి.

మన పంపుకి రోగమేమీ లేదు. ట్యాంకుకెళ్లే పైపు వాల్వు మూసుకుపోయి ఉంటే మీ ఆయన తిప్పాడు, నీళ్లొచ్చాయి. దాన్ని నేను రిపేరు కింద లెక్కెయ్యను.

నీ మామయ్య

తా.క. పక్కింటాయన వియ్యంకుడి ఇంట్లో కూడా పంపు ఆగిందట, నన్ను రమ్మన్నారు. వెళ్తున్నాను. ఎవరు నేర్పారని అడిగితే మా కోడలని చెప్తాను. అడక్కపోయినా చెప్తాను.