మోతీ మేసే చోట గన్నేరు

అతీక్,

ఫోను ఇంట్లోనే మరిచి తల్లాడకు పెళ్లి బరాత్‌కు గుర్రం బేరం మాట్లాడటానికి పోయావు, అందుకే ఈ చీటీ. మన గుర్రం మోతీని ట్రాలీ ఆటోలో ఖమ్మం పశువుల దవాఖానాకు తీసుకెళ్తున్నాను. జోరీగలు రాకుండా కంచె వెంట నువ్వు నాటిన గన్నేరు ఆకులు తినేసింది. ఒళ్లంతా వణుకుతోంది, కాళ్లు తడబడుతున్నాయి. డాక్టరుకు ఫోను చేస్తే, "గన్నేరు గుర్రానికి విషమమ్మా, జల్దీ తీసుకరా" అన్నాడు.

రాగానే ఆ మొక్కలన్నీ వేళ్లతో పీకి గుంటలో పూడ్చు. కాల్చవద్దు, పొగ కూడా విషమేనట. రాలిన ఆకులు ఏరేదాకా మోతీ పిల్లను బయటికి వదలకు. ఈగలకు ఇవాళ్టికి వేపాకు పొగ పెట్టు. తర్వాత కంచె వెంట నిమ్మగడ్డి నాటుదాం.

నాటేటప్పుడు నేను వద్దంటే, "గన్నేరును ఏ పశువూ ముట్టదక్కా, నాకు తెల్వదా" అన్నావు. కోపంగానే ఉంది. కానీ మోతీ కళ్ల చుట్టూ మూగే ఈగలను చూడలేకే నాటావని నాకు తెలుసు. అన్నం తిను, కూర పొయ్యి మీద ఉంది.

ఫరహా

దండెం మీది నీ చొక్కా మెడ మీద వేస్తేగానీ మోతీ ఆటో ఎక్కలేదు. దాని పిల్లను కట్టేసి నువ్వూ దవాఖానాకు వచ్చేయ్.