లేని ముఖం

పారిస్, 1927 మార్చి 4

ప్రియమైన ఫెర్నాన్,

నీ సినిమా రీళ్లు ఆరూ అందాయి. కథ వద్దు, నటులు వద్దు, నీళ్లూ వెలుగూ చాలని ప్రమాణం చేసి ఆ దీవికి వెళ్లావు. ఇక్కడ కూర్చుని ముక్కలు కత్తిరించి అతికించే పెళ్లానికి కళ్లుండవనుకున్నావా? నాచు ఏరే ఆ పిల్ల ప్రతి రీల్లోనూ ఉంది. అలల్ని తీసేటప్పుడు వణికిన కెమెరా ఆమె దగ్గరికొచ్చేసరికి రాయిలా నిలబడింది. మన పెళ్లినాడు నన్ను తీస్తే బొమ్మలో నా తల తెగిపోయింది, గుర్తుందా? నాకు ఒళ్లు మండుతోంది.

ఒడెట్

వెసాన్ దీవి, మార్చి 12

నా బంగారు ఒడెట్,

ఆమె పేరు సోయిజిక్. నీ కోపం సంగతి చెబితే, "మీ ఆవిడ నన్ను చూసి కుళ్లుకుంటోందా? నా చేతులు వాసన చూడమనండి, నాచు కంపు" అని పగలబడి నవ్వింది. నేను తీసింది ఆమెను కాదు, తడి చెంప మీది వెలుగును. ఆ ముఖమే చిత్రానికి ప్రాణం, దాన్ని మాత్రం ముట్టుకోకు. ఏప్రిల్ రెండున సినిమా క్లబ్బులో మన చిత్రం ప్రదర్శన వేళకి నీ పక్కన ఉంటాను.

నీ ఫెర్నాన్

పారిస్, ఏప్రిల్ 3

ఫెర్నాన్,

తుపానుకి పడవలు లేవని మొన్న నీ టెలిగ్రాం వచ్చింది. పడవలు లేవో, నీకే కదలబుద్ధి కాలేదో. అది చదివి కత్తెర తీశాను. ఆమె ముఖం ఒక్క చోట కూడా లేదు. నాచులో రెండు చేతులు, ఆమె నడిచి వెళ్లిపోయాక మిగిలిన ఇసుక, అలలు, అంతే. నిన్న ప్రదర్శనలో సగం హాలు వెక్కిరిస్తూ ఈలలు వేసింది. మిగతా సగం వాళ్లతో కొట్లాటకు దిగింది, ఒక పెద్దమనిషి గొడుగు విరిగింది. "మనిషిని చూపించకుండా మనిషి కోసం ఏడిపించాడయ్యా" అని ఒకాయన అందరికీ చెబుతున్నాడు. నేను కళ కోసం చేయలేదు, కుళ్లుతో చేశాను. తిట్టాలనుంటే తిట్టు.

ఒడెట్

వెసాన్ దీవి, ఏప్రిల్ 15

నా ప్రాణమా,

నిన్ను తిట్టడమా? పత్రికలన్నీ ఆ లేని ముఖం గురించే రాస్తున్నాయి. ఒక విలేఖరి ఉత్తరం రాసి అడిగితే, దాన్ని తీసేయాలని మొదటి నుంచీ అనుకున్నానని జవాబిచ్చాను. చదివేవాళ్లకి ఒక్క పేరైతే తేలిక, నువ్వేమీ అనుకోవు కదా. సోయిజిక్‌కి ఒక జాలరితో పెళ్లి కుదిరింది, ఇంక నీకు బెంగ లేదు. కొత్త రీళ్లు పంపుతున్నాను. నీ చేతికి ఎలా తోస్తే అలా చెయ్యి.

నీ ఫెర్నాన్

పారిస్, ఏప్రిల్ 21

ఫెర్నాన్,

సోయిజిక్‌కి నా శుభాకాంక్షలు చెప్పు. పాపం, ఆమెను ఊరికే తిట్టుకున్నాను. ఇప్పుడు నా కుళ్లంతా నీ మీదే. ఆ పిల్ల ముఖం చూసినప్పటికంటే పత్రికలో నీ పేరు చూసినప్పుడు ఎక్కువ మండింది. కొత్త రీళ్లు విప్పలేదు. చిత్రం మొదట్లో వేసే పేర్ల అట్ట రాయించాను. ముందు నా పేరు, తర్వాత నీది. ఒప్పుకుంటే కత్తెర పట్టుకుంటాను, లేకపోతే వచ్చి నువ్వే అతికించుకో. ఇసుక నీది, అలలు నీవి, ఆమెను అంతగా చూసిన కన్నూ నీదే. ఆ ముఖాన్ని కత్తిరించిన అసూయ మాత్రం నాది. దాని కింద నీ పేరు రాసుకోకు.

ఒడెట్