వానలో మోసుకెళ్ళిన నాన్న

ప్రియమైన అక్కకి,

ప్రభువు నామంలో వందనాలు.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో అయితే నేను రెండు మాటలు గట్టిగా అనేలోపు నువ్వు "చెల్లీ, ప్రార్థన చేసుకుందాం" అంటావు. నేను కళ్ళు మూసుకుంటాను, ఆమెన్ అంటాను. ఆ తర్వాత అనడానికి ఏమీ మిగలదు. ముప్పై ఏళ్ళుగా మనిద్దరికీ ఇదే వరస. కాగితం మీదయితే నువ్వు మధ్యలో ప్రార్థన మొదలుపెట్టలేవు కదా, అందుకే చివరికి పెన్ను పట్టుకున్నాను. స్కూలు వదిలాక నేను ఇంత పెద్ద ఉత్తరం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకో.

స్త్రీల సమాజంలో రెండు నెలలుగా గురువారం గురువారం నీ పుస్తకం చదువుతున్నారు, వారానికో అధ్యాయం. గుడి వెనక గదిలో ఇనప కుర్చీలు గుండ్రంగా వేసుకుని పద్దెనిమిదిమందిమి కూర్చుంటాం. చదివేది కంపౌండరుగారి భార్య. రేడియోలో వార్తలు చదివినట్టు చదువుతుంది. నిన్న తొమ్మిదో అధ్యాయం వచ్చింది.

నీ పుస్తకం అచ్చయినప్పుడు నేను సంతోషించాను అక్కా. పన్నెండు కాపీలు కొని పంచాను. మన పొలం, మన ఆరు ఆవులు, అమ్మ, నాన్న, మనిద్దరం, పేర్లు మార్చినా అందరం ఉన్నాం. మా ఆయన మూడు పేజీలు చదివి, "ఈ పుస్తకంలో ఆవులు పేడ వెయ్యవా?" అని మూసేశాడు. నేను కోప్పడ్డాను. మా అక్క అందరూ చదువుకునేలా రాసింది, మీకేం తెలుసు అన్నాను. తొమ్మిదో అధ్యాయాన్ని మాత్రం నేను ఎప్పుడు చదివినా పేజీలు గబగబా తిప్పేసేదాన్ని. నిన్న తిప్పడానికి పుస్తకం నా చేతిలో లేదు.

అందులో చిన్న కూతురు గడ్డివామి మీంచి పడుతుంది. మోచెయ్యి విరుగుతుంది. కుండపోత వాన. బండి బురదలో దిగబడుతుంది. నాన్న కూతుర్ని భుజానికెత్తుకుని, కీర్తన పాడుకుంటూ నాలుగు మైళ్ళు నడిచి ఆసుపత్రికి చేరుస్తాడు. కంపౌండరుగారి భార్య చదవలేక రెండుసార్లు ఆగింది. చుట్టూ అందరూ ముక్కులు చీదుతున్నారు. అంతలో ఆవిడ నా వైపు తిరిగింది.

"వదినా, ఇది నువ్వే కదూ! ఆ చెయ్యి ఏదీ, చూపించు!"

"ఎంత ధన్యురాలివమ్మా," అంది నా పక్కనున్న పెద్దావిడ.

"మా నాన్న నన్ను సంతలో మరిచిపోయి ఇంటికొచ్చేశాడు. నాకూ ఉన్నాడు ఒక నాన్న!" అని ఇంకొకావిడ. అందరూ ఏడుస్తూనే నవ్వారు.

నేను జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించాను. ఒక్కొక్కరూ వచ్చి నా వంకర మోచెయ్యి తడిమారు. ఒకావిడ దానికి ముద్దు పెట్టింది. నేను నవ్వుతూ నిలబడ్డాను. ఇంటికొచ్చి పాలగిన్నెలు తోముతుంటే తెలిసింది, ఒళ్ళంతా ఎలా మండిపోతోందో. నాకు కోపం రాదని గుడిలో అందరూ అంటారు కదా. వస్తే ఎలా ఉంటుందో వాళ్ళకి తెలీదు, నాకూ నిన్నటిదాకా తెలీదు. తగ్గించమని దేవుణ్ణి అడిగాను. తగ్గించలేదు. ఈసారి తగ్గించకూడదనుకున్నాడేమో.

నువ్వు మర్చిపోయి ఉంటావేమోనని రాస్తున్నాను. నాకు పదకొండు, నీకు పదిహేను. నేను దొడ్డి గేటు గడియ వెయ్యలేదు. ఎర్ర పెయ్య మంచుతో తడిసిన పచ్చిమేతలో పడి మేసింది. కడుపు ఉబ్బి మధ్యాహ్నానికి చచ్చిపోయింది. నాన్న పాలు పితికే ముక్కాలిపీట ఎత్తాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. రెండో దెబ్బకి విరిగింది, మూడోది కూడా పడింది. వాన లేదు. మంచి ఎండ. నువ్వు పాల క్యాను పట్టుకుని కొట్టం గుమ్మంలో నిలబడి ఉన్నావు. క్యాను కింద పెట్టలేదు.

అమ్మ పాత గుడ్డతో కట్టు కట్టి, "వామి మీంచి పడ్డానని చెప్పు" అంది. కాబట్టి వామి అబద్ధం అమ్మది. వానా భుజం నీవి. నాలుగోరోజు బడిలో టీచరుగారు నా చెయ్యి చూసి తన సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అప్పటికే ఎముక వంకరగా అతుక్కోవడం మొదలైంది. నీ పుస్తకంలో ఆ టీచరుగారు ఎక్కడా లేదు.

నాన్న రాక్షసుడని నేను అనను. ఆఖరి ఏడాది ఆయన ఒళ్ళు తుడిచింది నేనే. ఆయన మంచి రాసుకో, ఎవరు వద్దన్నారు? కానీ చెయ్యని మంచి ఆయనకి అంటగట్టావు, అదీ నా చెయ్యి పెట్టి.

ఇంకో సంగతి. పాస్టరుగా బావగారికి మూడేళ్ళకోసారి గుడి మారుతుందని ప్రెస్సువాళ్ళు పుస్తకం వెనక మా పొలం చిరునామా వేశారు. నీకు వచ్చే ఉత్తరాలన్నీ ఇక్కడికే. పోస్టుమాన్ "ఏమ్మా, సినిమాల్లో చేరావా?" అంటాడు. పది ఉత్తరాల్లో ఏడు తొమ్మిదో అధ్యాయం గురించే. పోయిన నెల ఒక అమ్మాయి రాసింది. ఇక్కడికి రెండు గంటల దూరంలో దర్జీ షాపులో మిషను కుడుతుంది. తండ్రి కొడుతున్నాడని ఎనిమిది నెలల కిందట ఇల్లు వదిలి హాస్టల్లో ఉంటోంది. నీ పుస్తకం చదివి, "మా నాన్న లోపల కూడా అలాంటి నాన్న ఉంటాడా అమ్మగారూ? నేను తిరిగి వెళ్ళనా?" అని అడిగింది.

ఆమె చిరునామా దీంతో పంపుతున్నాను. ఆ అధ్యాయం కల్పించి రాశానని నువ్వే, నీ చేత్తో ఆమెకు రాయాలి. రెండో ముద్రణలో దాన్ని తీసేయాలి. ఈ రెండూ చేస్తానని చెప్పేదాకా నాతో ఫోనులో ప్రార్థన చెయ్యొద్దు.

నీ చెల్లి

*

అక్కకి,

నీ జవాబు అందింది. ఆరు పేజీలు. కథ అన్నాక కల్పన ఉంటుందన్నావు. చనిపోయినవాళ్ళని ఇప్పుడు లేపి నిలదీస్తే ఎవరికి లాభం అన్నావు. ఆ అధ్యాయం చదివి ఎంతమంది తండ్రులతో సమాధానపడ్డారో లెక్కే లేదన్నావు. ఇవన్నీ చదివి కాగితం పొయ్యిలో పడేద్దామనుకున్నాను.

ఆఖరి పేజీలో అన్నావు కదా, "ఆ రోజు నిన్ను ఎవరైనా ఎత్తుకుని ఉంటే బాగుండేది. నేను ఎత్తుకోలేదు. అందుకని నాన్న చేత ఎత్తించాను" అని. అది చదివి నేను కరిగిపోవాలి. అలాగే రాశావు నువ్వు, కరిగేలా రాయడం నీకు బాగా వచ్చు. నేను కరగలేదు అక్కా. నీ మనసు తేలిక చేసుకోవడానికి నాన్నకి భుజం అరువిచ్చావు. "నేను ఎత్తుకోలేదు" అన్న ఒక్క వాక్యం పుస్తకంలో రాసి ఉంటే ఆ ముప్పై పేజీలూ అక్కర్లేకపోయేవి.

కానీ నువ్వు ఇంకో ప్రశ్న వేశావు. "ఈలోగా ఆ అమ్మాయికి నువ్వేమని రాశావు?" అని. దానికి జవాబు రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

మొదట్లో నువ్వే అన్నావు గుర్తుందా, "మన ఇద్దరి రాతా ఒకేలా ఉంటుంది, నువ్వే నా పేరుతో రెండు ముక్కలు రాసి పంపెయ్" అని. పంపాను. ఇప్పటికి రెండు వందల పైచిలుకు. "అలాంటి నాన్న నిజంగా ఉన్నారా?" అని అడిగినవాళ్ళందరికీ "ఉన్నారు" అని రాశాను. మొదట నీ మాట కాదనలేక. ఆ తర్వాత, సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ పని నాకు రుచించింది. పాలు పితికి చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చుని నీ పేరుతో రాస్తున్నంతసేపూ నాకు వానలో మోసుకెళ్ళిన నాన్న ఉన్నాడు. నీ గొంతుతో రాస్తుంటే అబద్ధం ఎంత సాఫీగా వస్తుందో!

ఆ అమ్మాయి ఉత్తరం వచ్చిన రోజు మొత్తం తొమ్మిది వచ్చాయి. తొమ్మిదింటికీ వరసగా రాసేశాను. ఆమెకు ఇలా రాశాను: "వెళ్ళు తల్లీ. తలుపు తట్టు. ప్రతి నాన్న లోపలా ఆ నాన్న ఉంటాడు." కింద నీ సంతకం. నీకు మొదటి ఉత్తరం రాసేనాటికి అది పోస్టులో పడి మూడు వారాలైంది. గురువారం సమాజంలో నాకొచ్చిన కోపంలో సగం నీ మీద కాదు. అది తెలిసి కూడా మొత్తం నీ మీదే కుమ్మరించాను. నేను చేసినదాన్ని నీ చేత దిద్దించాలని చూశాను.

ఇవాళ ఆమె దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "అమ్మగారికి వందనాలు. మీరు చెప్పినట్టే ఇంటికి వచ్చేశాను. మొదటి వారం బాగానే ఉన్నారు. ఇప్పుడు మళ్ళీ మొదలైంది. ఎడమ చెవి సరిగ్గా వినిపించడం లేదు. అయినా ఓపిక పడుతున్నాను. మీ నాన్నగారిలో ఆ మార్పు ఎన్నాళ్ళకి వచ్చిందో దయచేసి రాయండి."

అక్కా, ఎన్నాళ్ళకి వచ్చిందో నువ్వు చెప్పు. రచయిత్రివి కదా.

మా ఆయన పాల వ్యాను కడిగి లోపలికి వచ్చేసరికి కార్డు పట్టుకుని కూర్చున్నాను.

"ఎవరా అమ్మాయి?" అన్నాడు.

"నేను పంపించిన అమ్మాయి."

"ఎక్కడికి?"

అంతా చెప్పాను. పీట సంగతితో సహా. ఆయన కార్డు తీసుకుని చదివాడు. "ఇరవై ఆరేళ్ళు కాపురం చేశాను, వామి మీంచే పడ్డావనుకున్నాను కదే," అన్నాడు. "నాకు కూడా వామేనా?"

"అందరికీ వామే."

"రేపు పొద్దున పాలు దించేసి నేరుగా అటే పోదాం. వ్యానులో ముగ్గురం పడతాం." అని లేచి వెళ్ళిపోయాడు. అన్నం తినలేదు. ఆయనకి కూడా కోపం వచ్చింది, ఎవరి మీదో నేను అడగలేదు.

చెల్లి

*

ప్రియమైన అక్కకి,

వెళ్ళి వచ్చాం.

కార్డు మీది చిరునామా పిండిమర వెనక వరస ఇళ్ళలో మూడోది. తలుపు తీసింది తండ్రే. సన్నగా, మర్యాదగా ఉన్న మనిషి. "మీ అమ్మాయి చదివిన పుస్తకం తాలూకు మనుషులం" అంటే "రండి రండి, ఎంత భాగ్యం" అంటూ కుర్చీ తుడిచి వేశాడు. చుట్టాలొస్తే మన నాన్న కూడా అంతే కదా. నేను కూర్చోలేదు.

ఆ అమ్మాయి లోపల్నుంచి పరుగున వచ్చింది. చిన్నపిల్ల అక్కా, ఇరవై రెండుంటాయేమో. చెవి మీదుగా జుట్టు దించుకుంది. "అమ్మగారూ, మీరేనా రాసింది!"

"పుస్తకం రాసింది మా అక్క. నిన్ను ఇంటికి వెళ్ళమని రాసింది నేను. ఆ నాన్న లేడమ్మా. మా నాన్న నా చెయ్యి విరగ్గొట్టాడు. నన్నెవరూ మోసుకెళ్ళలేదు. ఆ మార్పు ఎన్నాళ్ళకీ రాలేదు." తండ్రి పక్కనే ఉన్నాడు. నా గొంతు ఎప్పటిలాగే చిన్నగానే వచ్చింది, కానీ ఆగలేదు.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"మరి ఎందుకు రాశారండీ?"

నా జవాబు కోసం ఆమె ఆగలేదు.

"హాస్టల్లో మంచం వదులుకున్నాను. షాపులో నా మిషను వేరేవాళ్ళకి ఇచ్చేశారు. మిమ్మల్ని నమ్మి. చదువుకున్నవాళ్ళు, దేవుడి మనుషులు అని. ఎలా రాయబుద్ధయింది మీకు?"

ఆమె అరుస్తోంది. ఇంట్లో తండ్రి ముందు అలా అరవడం అదే మొదటిసారి అనుకుంటాను, ఆయన నోరు తెరిచి చూస్తున్నాడు. ఆమె లోపలికి వెళ్ళి సంచీ తెచ్చుకుంది. అప్పుడు ఆయన మర్యాదంతా పోయింది. "ఏయ్, ఎక్కడికే? ఆడాళ్ళంతా కలిసి నాటకాలాడుతున్నారా?" అని మీదికి వచ్చాడు. మా ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడి, "మీ అమ్మాయికి మైనారిటీ తీరిపోయింది కదండీ. చెయ్యి కిందకి దించండి, వీధిలో అందరూ చూస్తున్నారు," అన్నాడు. నిజంగానే పిండిమర దగ్గర జనం పోగయ్యారు. చెయ్యి దిగింది.

దారంతా మా ఇద్దరి మధ్య సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. చెవి నయమవుతుందట, టైము పడుతుందట. షాపు యజమానురాలిని నేనే వెళ్ళి బతిమాలాను, వచ్చే నెల మిషను ఇస్తానంది. హాస్టల్లో మంచం ఖాళీ అయ్యేదాకా మా ఇంట్లో ఉంటుంది. నాతో "ఉప్పు", "తువ్వాలు" లాంటి మాటలు తప్ప మాట్లాడదు. మా ఆయనతో మాత్రం ఆవుల గురించి గంటలు గంటలు మాట్లాడుతుంది. నా మీద ఆమెకి కోపం, కోప్పడే హక్కుంది. క్షమించమని నేను అడగలేదు. మనవాళ్ళం ఆ మాట మరీ తొందరగా అడుగుతాం.

రెండు వందలమందికీ మళ్ళీ రాస్తున్నాను. ఈసారి నా సంతకంతో. ఎవరెవరికి రాశానో వాళ్ళ ఉత్తరాలన్నీ ఉన్నాయి. రోజుకి పది అవుతున్నాయి. మొన్న ఆ అమ్మాయి నా వెనక నిలబడి చదివి, "ఇంత మెత్తగా రాస్తే మళ్ళీ ఎవరో ఒకరు ఏడ్చి ఇంటికి పోతారు," అంది. పెన్ను లాక్కుని నా నాలుగు వాక్యాలు కొట్టేసి ఒకటి రాసింది: "ఆ అధ్యాయం నిజం కాదు, కొట్టే ఇంటికి దాన్ని నమ్ముకుని వెళ్ళకండి." అదే రాస్తున్నాను. కవర్లు ఆమె అంటిస్తోంది.

నిన్న నువ్వు ఫోను చేసి ప్రార్థన అనకుండా, "ప్రెస్సుకి రాశాను, ఆ అధ్యాయం ఆపేయమన్నాను" అని పెట్టేశావు. విన్నాను. నా కోపం ఇంకా తీరలేదు, తీరిందని అబద్ధమాడను. అయినా వీలు చూసుకుని రా. బావగారు లేకుండా రా. ఇద్దరం కొట్టంలో పని చేసుకుంటూ మాట్లాడుకుందాం, నేను అరిస్తే అరవనీ.

పాఠకులకి రాసినవాటిలో నీ గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఆ రోజు గుమ్మంలో ఎవరున్నారో వాళ్ళకెందుకు? అది మనిద్దరిది, ఈ కాగితాల్లో మాత్రమే ఉంది. వీటిని చింపకు. నీ బట్టల అడుగున దాచుకో. ఎవరికీ చూపించకు. బావగారికి చూపిస్తే వచ్చే ఆదివారం ప్రసంగంలోకి వస్తాయి, ప్రెస్సువాళ్ళకి చూపిస్తే రెండో భాగం అడుగుతారు. నన్ను చదివి ఇంకెవరూ ఏడవొద్దు. నువ్వొక్కదానివి చదువు చాలు.

నీ చెల్లి