ఆది జాకెట్టు

పులివెందుల,
మే 4

ప్రియమైన రషీదాకు,

ఫోన్ చేస్తే మీ ఇంట్లో నలుగురూ వింటారని ఉత్తరం రాస్తున్నాను. ఫిబ్రవరిలో నాకు ఆపరేషన్ అయింది. క్యాన్సర్ గడ్డ. ఎడమ రొమ్ము తీసేశారు. మందులు పనిచేస్తున్నాయి, కంగారుపడకు. నా భయమంతా బడి గురించే. జూన్ పన్నెండున తెరుస్తారు. పాత జాకెట్లు వేసుకుంటే ఒకపక్క వెలితి ఇట్టే తెలిసిపోతోంది. పిల్లల ముందు చెయ్యెత్తి బోర్డు మీద రాయలేకపోతే పంతులమ్మ ఉద్యోగం మానుకోవడమే.

టైలరు టేపు పట్టుకుని దగ్గరికొస్తే ఒళ్ళు ముడుచుకుపోతోంది. అందుకే ఈసారి అన్నీ నేనే కుట్టుకుంటాను. జమ్మలమడుగులో మనిద్దరం నేర్చుకున్న కుట్టుపని ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది. ఆరు జాకెట్లకు గుడ్డ కొని పంపు. పైన కప్పుకునే శాలువా అల్లుకోవడానికి నూలు దారం కూడా.

నీ నాగవేణి

ప్రొద్దుటూరు,
మే 11

నా బంగారు వేణీ,

సలాం. నీ ఉత్తరం చదివి ఏడ్చాను, తర్వాత నిన్ను తిట్టాను. ఫిబ్రవరి సంగతి మేలో చెప్తావా?

గుడ్డల అంగళ్ళన్నీ తిరిగాను. పాలిస్టరు జోలికి పోవద్దు, కుట్లు పడిన చోట ఒరుసుకుంటుంది. మెత్తటి మల్లు గుడ్డ చూసిపెట్టాను. ఎడమ చంక దగ్గర వదులుగా ఉండాలి, లేకపోతే సాయంత్రానికి చెయ్యి వాస్తుంది. అంగడి మక్బూల్ మామ, "ఆది జాకెట్టు యాడుందమ్మా? అది ల్యాకుండా ఎంతని కోసేది?" అన్నాడు. నీకు సరిగ్గా పట్టే జాకెట్టు ఒకటి పంపు. దాని కొలతకు కత్తిరించి పంపుతాను, నువ్వు కుట్టుకో.

దువా చేస్తూ,
రషీదా

పులివెందుల,
మే 19

ప్రియమైన రషీదా,

నాకు సరిగ్గా పట్టే జాకెట్టు ఒక్కటీ లేదు. బీరువాలోవన్నీ మంచం మీద పరిచి చూశాను. పోనీ కొలతలైనా రాద్దామని కుడిపక్కది రాశాను. ఎడమపక్కకు వచ్చేసరికి టేపు చుట్టి పక్కన పెట్టేశాను. మా ఆయన చూసి, "ఈ యాడాది ఇంట్లోనే ఉండు, ఏమైతాది?" అన్నాడు. మంచికే అన్నాడులే, కానీ ప్రాణం ఉసూరుమంది. సెలవు కాగితం రాసిపెట్టాను, నెలాఖరుకు ఇచ్చేస్తాను. గుడ్డ కొనొద్దు.

ఒకటడుగుతాను. కుట్లు పడిన చోట ఒరుసుకుంటుందనీ చెయ్యి వాస్తుందనీ నీకెట్లా తెలుసు?

వేణి

ప్రొద్దుటూరు,
మే 23

వేణీ,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఏడేళ్ళ కింద నేను ఆర్నెల్లు కువైట్‌లో మా అన్న దగ్గరున్నానని ఊరంతా అనుకుంది, నువ్వూ అనుకున్నావు. నేను కువైట్ పోలేదు. ఆస్పత్రిలో ఉన్నాను. నాదీ ఎడమపక్కే. మా అమ్మాయి సమీరాకు సంబంధాలు చూస్తున్న రోజులవి. "ఈ జబ్బు పేరు బయటపడితే పిల్లను ఎవురు చేసుకుంటారు?" అని మా అత్త నోరు కట్టేసింది. కట్టిన నోరు అట్లాగే ఉండిపోయింది.

ఈ పార్సిల్లో ఉన్న నీలం జాకెట్టు నాది. మనిద్దరిదీ ఒకటే ఒళ్ళు కదా, అదే నీకు ఆది. ఎడమపక్క లోపల చిన్న జేబు కుట్టాను, చూడు. గుడ్డ ఒక జాకెట్టుకే కత్తిరించి పెట్టాను, మిగతాది తర్వాత. దారం కూడా ఉంది, కానీ శాలువాకు కాదు. కొక్కెం సూదితో గుండ్రంగా అల్లి, దూది కూరి, ఆ జేబులో పెట్టుకో. నాకు మొదటిది మరీ చిన్నగా, చీనికాయంతే వచ్చింది. నవ్వుతూ ఏడ్చాను.

సెలవు కాగితం చించేయ్.

నీ రషీదా

పులివెందుల,
జూన్ 13

నా రషీదాకు,

నిన్న బడికి పోయాను. బోర్డు మీద అన్నిటికన్నా పైన తేదీ రాశాను. ఎవరూ నా వైపు వింతగా చూడలేదు. తెలుగు చెప్పే మస్తానమ్మ మాత్రం, "జాకెట్టు శానా బాగా కుదిరిందే, యాడ కుట్టిస్తివి?" అంది. "నేనే కుట్టుకుంటి" అన్నాను. అన్నాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మిగతా ఐదింటికి గుడ్డ పంపొద్దు. ఆదివారం నేనే వస్తున్నాను. ఒకే తానులో ఇద్దరికీ కోయిద్దాం. ఏడేళ్ళు ఒక్కదానివే మోశావు. అప్పుడు నన్ను పిలవనందుకు మక్బూల్ మామ అంగట్లోనే నిన్ను తిడతాను. ఎందుకు తిడుతోందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నువ్వే ఆలోచించుకో.

వచ్చేదాకా నీదే,
వేణి