మూడో తరగతి గోడ

సెప్టెంబర్ 24, 2024, మంగళవారం. సాయంత్రం ఏడు

రాయకుంటే పిచ్చి లేస్తది.

మధ్యాహ్నం రెండుంబావుకు నా మూడో తరగతి గోడ కూలింది. నేను బోర్డు మీద ఏడో ఎక్కం రాస్తున్న. వెనక లారీల కెళ్లి కంకర దించినట్టు సప్పుడు. తిరిగి చూస్తే అంతా దుమ్మే. ఇరవై మూడు మంది పిల్లలు. ఇరవై రెండు మంది బయటికి ఉరికిండ్రు. అక్షిత ఉరకలే. ఎడమకాలు రాళ్ల కింద ఉంది. ఏడుస్తలేదు. "టీచర్, నా నోట్‌బుక్ చినిగింది" అన్నది.

ఆయా నర్సింగమ్మ, నేను వట్టి చేతులతోటి రాళ్లు తీసినం. నర్సింగమ్మ గోరు ఊడింది. అప్పుడు చూసుకోలే, ఆటోల చూసినం. మహబూబ్‌నగర్ దవాఖానల ఎక్స్‌రే తీసిండ్రు. తొడ బొక్క రెండు చోట్ల ఇరిగిందట. రేపు ఆపరేషన్.

ఆ గోడ పగిలిందని మూడుసార్లు చెప్పిన. జూన్‌ల ఒకసారి, ఆగస్టుల రెండుసార్లు. బడి నడిపే మా కరస్పాండెంట్ డానియల్ సార్ మూడుసార్లూ ఒక్కటే మాట. ఇది దేవుని బడి బిడ్డా, ఆయనే చూసుకుంటడు, అని.

చూసుకున్నడు కదా.

సెప్టెంబర్ 25

బడి బంద్. చర్చిల ప్రార్థన పెట్టిండ్రు. ఇరవై రెండు మందిని కాపాడినందుకు స్తోత్రమట. అందరూ ఆమెన్ అన్నరు. ఇరవై మూడో పిల్ల సంగతేంది? ఆమె ఎవరి లెక్కల?

మధ్యలనే లేచి వచ్చిన. మా అమ్మ గుడ్లురిమి చూసింది.

సెప్టెంబర్ 26

పగులు కనవడ్డా, ఆ గోడ పక్కకే పిల్లలను ఎందుకు కూసోపెట్టిన?

సెప్టెంబర్ 27

దవాఖానకు పోయిన. అక్షిత నాయిన ఎల్లేష్ వార్డు బయట నేల మీద కూసున్నడు. పత్తి చేను ఇడిసిపెట్టి వచ్చిండు, చెప్పులకు నల్లమన్ను అట్లనే ఉన్నది. తిడతడనుకున్న. కొట్టినా పడాలె అనుకునే పోయిన. లేచి నిలవడి, టీచరమ్మా, పిల్లకు రెండు నెలలు నడవరాదంటున్నరు, మరి సదువెట్ల అని అడిగిండు.

అంతే. ఒక్క తిట్టు లేదు. తిడితే బాగుండు. బస్సుల కిటికీ దిక్కు మొఖం పెట్టుకొని మక్తల్ దాక ఏడ్సిన.

సెప్టెంబర్ 28

డానియల్ సార్ ఇంటికి పిలిచిండు. వాళ్లావిడ చాయ్ ఇచ్చింది. తర్వాత టైపు చేసిన కాగితం ముందట పెట్టిండు. పిల్లలను వరండాల కూసోపెట్టమని మేనేజ్‌మెంట్ ముందే చెప్పిందట, టీచర్ సుమన వినలేదట. కింద నా పేరు. సంతకానికి జాగా.

నాకు అ ఆ లు దిద్దించిన మనిషి. నా ఏలు పట్టుకొని పలక మీద రాయించిన మనిషి.

సార్, ఇది అబద్ధం కదా అన్న. తల దించుకున్నడు. ఎంఈఓ రిపోర్ట్ అడుగుతున్నడు, పర్మిషన్ పోతే బడి పోతది, బడి పోతే నూట పది మంది పిల్లలు పత్తి ఏరవోతరు, నీకు ఇష్టమేనా, అన్నడు. నీకు వేరే నౌకరి నేనే చూస్త, అని కూడ అన్నడు.

పిల్లలు పత్తికి పోతరన్నది నిజమే. అదే ఎక్కువ మండుతాంది. అబద్ధాన్ని నిజంల చుట్టి నా చేతిల పెట్టిండు.

సంతకం పెట్టలే. చాయ్ కూడ తాగలే.

అక్టోబర్ 10

సద్దుల బతుకమ్మ. ఎల్లేష్ అక్షితను కుర్చీల కూసోపెట్టి తెచ్చిండు. ఆడోళ్లు ఆమె చుట్టే ఆడిండ్రు. ఆడుడు అయినంక నన్ను నిలవెట్టి అడిగిండ్రు, పండుగ సెలవులు అయినంక పిల్లలను ఆ బడికి పంపొచ్చునా అని. వద్దు అన్న. నేను పని చేసే బడి గురించి నేనే వద్దన్న.

అక్టోబర్ 15

ఒక్క పిల్ల కూడ రాలే. తల్లిదండ్రులు లియాఖత్ అలీ మేస్త్రిని తోలుకొచ్చిండ్రు. ఊర్ల సగం ఇండ్లు ఆయన కట్టినవే. ఇనుప సీకు తీస్కొని గోడ గోడకు పొడిసి చూసిండు. ఐదో తరగతి గోడల సీకు మూరెడు దిగింది. మన్నే, సిమెంట్ లేనే లేదు, ఇంకో పెద్ద వాన పడితే ఇది కూడ పోతది, అన్నడు. డానియల్ సార్ గేటు కాడ్నే నిలవడ్డడు, లోపలికి రాలే.

అక్టోబర్ 16

అక్షిత బడికి రాలేదు కాబట్టి బడే అక్షిత కాడికి పోయింది. ఎల్లేష్ వాకిట్ల క్లాసు. లియాఖత్ అలీ టార్పాలిన్ కట్టిండు. ఎవరో గోనె సంచులు పరిచిండ్రు. అక్షిత మంచం మీద, మిగిలినోళ్లు కింద. మధ్యాహ్నం ఎవరి ఇంట్లకెళ్లి వచ్చిందో గాని గంపెడు జొన్న రొట్టెలు, పచ్చి పులుసు.

నేనింకా కోపంగనే ఉన్న. గుణకారాలు కూడ కోపంగనే చెప్పిన.

అక్టోబర్ 27, ఆదివారం

చర్చిల కోతల పండుగ. వడ్లు, సొరకాయలు, కోళ్లు, ఎవరి మొదటి పంట వాళ్లు తెచ్చిండ్రు. డానియల్ సార్ సాక్ష్యం చెప్పుకుంట, టీచర్ అజాగ్రత్త వల్ల శోధన వచ్చినా ప్రభువు మనల్ని ఇడువలే అన్నడు.

లేవబోయిన. నాకన్న ముందే నర్సింగమ్మ లేచింది. ఇరవై ఏండ్లల్ల ఆమె చర్చిల గొంతు లేపంగ నేను వినలే.

"సారూ, గుడిల నిలవడి అబద్ధమాడకు. గోడ పగిలిందని సుమన మూడుసార్లు చెప్పింది. నేను ఆడ్నే కసువు ఊడుస్తున్న. నా చెవులతోటి విన్న."

తలుపు కాడ ఎల్లేష్ ఉన్నడు. పత్తి మూట దించి, మాది ఈ గుడి కాదు, గని నా బిడ్డ సదివే బడి ఇదే, కొత్త గోడకు ఇస్తున్న, సార్ చేతికి గాదు, టీచరమ్మ చేతికి, అన్నడు. ఆయన వెనక ఇంకో నలుగురు, మూటలతోనే.

డానియల్ సార్ మైకు పక్కకు పెట్టి, చెప్పింది, నిజమే, నేనే వినలే, అన్నడు. చాన సన్నగ. ముందు వరసలకు మాత్రమే వినవడ్డది. నేను రెండో వరసల ఉన్న, నాకూ వినవడ్డది.

అక్టోబర్ 28

పొద్దున్నే సార్ వచ్చిండు. ఎంఈఓకు నిజమే రాసి ఇచ్చిండట. భయపడ్డ బిడ్డా, క్షమించు, బైబిల్ వాక్యంల కూడ ఉన్నది కదా అన్నడు. ఉంటే ఉన్నది సార్, ఇయ్యాల మాత్రం నాతోని కాదు, అన్న. తలుపు దగ్గరికేసిన. తర్వాత కూడ మనసు చల్లబడలే.

నవంబర్ 9

కొత్త గోడకు పునాది తీసిండ్రు. ఇటుకలు ఒకరి చేతికెళ్లి ఒకరి చేతికి. ఆ వరసల డానియల్ సార్ కూడ ఉన్నడు. నా పక్కకే వచ్చి నిలవడ్డడు. ఇటుక ఇచ్చిండు. తీసుకున్న. అవతలోళ్ల చేతికిచ్చిన.

నవంబర్ 25

మూడో తరగతి తెరిచినం. కొత్త గోడ పక్కకు ఒక్కరూ కూసోలే. అందరూ గుమ్మం కాడ ఒకరి మీద ఒకరు ఒత్తుకున్నరు. రమ్మని అనలే. నేనే పోయి గోడకు వీపు ఆనిచ్చి కింద కూసున్న. పాఠం అక్కడికెళ్లే చెప్పిన.

మూడింటికి అక్షిత కర్ర ఊతతోని వచ్చింది.

"జర జరుగుండ్రి టీచర్" అన్నది.

జరిగిన.